వెనుకబడిన కాగితం

మీ ఉద్యోగ జీవితపు అనుభవాలలో నుండి ఏదైనా వ్రాసి పంపవలసిందని కళాశాల సంచిక సంపాదకవర్గం వారు కోరినప్పుడు నేను వెంటనే అంగీకరించలేదు. ఈ కళాశాలలో 1974లో బి.ఏ. ముగించి, నాలుగేళ్లు ఉద్యోగం లేక తిరిగి, ఒక మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తాగా చేరి, బెంచి క్లర్కునై, 2011లో పదవీ విరమణ చేసినవాడిని. అటువంటి జీవితంలో విద్యార్థులకు చెప్పదగిన విశేషాలేముంటాయి? వాయిదాలు, దస్త్రాలు, ముద్రలు, నెలసరి పట్టికలు. అయితే విద్యార్థి సంపాదకుడు మరొక మాట అన్నాడు. ఈ ఏడు కంప్యూటర్లను గురించిన వ్యాసాలు చాలా వచ్చాయట. పోలీసు వారంట్లు కూడా కంప్యూటర్ల ద్వారానే పోతాయని అంటున్నారు గదా, ఆ సంగతి మీకు తెలిసినంత వ్రాయండి అన్నాడు. అప్పుడు ఒప్పుకున్నాను. వారంటును గురించి నాకొక విషయం తెలుసు. ముప్పయి ఏళ్లకు పైబడి దానిని నేను వ్రాయలేదు, ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పనూ లేదు.

ముందుగా వారంటు అనే కాగితం ఆ రోజులలో ఎట్లా నడిచేదో చెప్పాలి. ముద్దాయి వాయిదాకు రాలేదు. మూడుసార్లు పిలిచినా పలుకు లేదు. మేజిస్ట్రేటు గారు దస్త్రం మీద 'ఎన్.బి.డబ్ల్యు.' అని పొడి అక్షరాలు వ్రాస్తారు. జామీనుకు వీలులేని వారంటు అని దాని అర్థం. సాయంత్రం బెంచి దిగిన తరువాత నేను అచ్చు ఫారం తీసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, కేసు నంబరు, సెక్షన్లు, తిరుగు వాయిదా తేదీ నింపి సంతకానికి పెడతాను. సంతకమై, కోర్టు ముద్ర పడిన తరువాత అది కోర్టు కానిస్టేబులు చేతికి పోతుంది. ఆయన మా తపాలా పుస్తకంలో సంతకం చేసి, ఖాకీ సంచిలో పెట్టుకొని స్టేషనుకు తీసుకుపోతాడు. అక్కడ రిజిస్టరులో ఎక్కుతుంది. అక్కడి నుండి ఆ వీధుల మీద తిరిగే కానిస్టేబుళ్లకు చేరుతుంది. కొన్ని వారంట్లు మరునాడే అమలవుతాయి. కొన్ని 'ఆచూకీ తెలియలేదు' అనే వ్రాతతో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వస్తాయి. ఆ వ్రాతలో ఎంత నిజమున్నదో అడగవలసిన పని మాకు ఉండేది కాదు.

చట్టం ఈ కాగితానికి గొప్ప ఆయుర్దాయం ఇచ్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 70వ సెక్షను ప్రకారం, వారంటు అమలు అయ్యేదాకా, లేదా జారీ చేసిన కోర్టు దానిని రద్దు చేసేదాకా సజీవంగానే ఉంటుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే నియమం 72వ సెక్షనుగా నిలిచింది. పేరు మారింది గాని ఆయుర్దాయం మారలేదు. దానిని అంతం చేసే కాగితం మరొకటి ఉన్నది. కోర్టు భాషలో దానిని 'రీకాల్' అంటాము. వారంటును పట్టుకొని పోవడానికి మనుషులు, రిజిస్టర్లు, సంచులు ఉన్నాయి. దాని వెనుక రీకాల్‌ను పరుగెత్తించడానికి మాత్రం ఎవరూ లేరు. అది నా మేజా మీద నుండి నా ఓపికను బట్టి కదలవలసినదే.

ఇక 1993లో జరిగిన సంగతి. ముద్దాయి మా పేటవాడే, లారీ డ్రైవరు, నాకంటె ఐదారేళ్లు చిన్న. అతని లారీ తగిలి ఒక ఎద్దులబండి బోల్తా కొట్టింది. బండివాని చేయి విరిగింది. అజాగ్రత్తగా నడిపినందుకు కేసు. జామీనుకు వీలైన నేరమే. మొదటిసారి కోర్టుకు వచ్చినప్పుడు బంట్రోతు "ముద్దాయి ఎవరయ్యా?" అని కేకవేస్తే ఇతడు లేవలేదు. తరువాత వరండాలో నాతో ఉర్దూలో, "నేను ముద్దయీని ఎట్లా అవుతాను భాయ్‌సాబ్? నేను ఎవరి మీదా దావా వేయలేదే!" అన్నాడు. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. ఆ మాట తెలుగు కోర్టులకు వచ్చి ఎట్లాగో తలక్రిందులై, ఫిర్యాదుకు గురైనవానికి అంటుకున్నది. ఈ సంచికలో రెండు భాషల పుటలు ఒక్క కుట్టులో ఉంటాయి గనుక ఈ చమత్కారం మన విద్యార్థులకు తెలియడం మంచిది. వకీలు, వాయిదా, జామీను, దాఖలు, రద్దు, ఇవన్నీ ఆ ఇంటి నుండి ఈ ఇంటికి వచ్చిన మాటలే.

అతడు మూడు వాయిదాలకు బుద్ధిగా వచ్చాడు. నాలుగవదానికి నాపరాళ్ల లోడుతో బెంగుళూరు దాటిపోయి రాలేకపోయాడు. వారంటు జారీ అయింది. సంగతి తెలిసి పది రోజులలోనే వకీలును వెంటబెట్టుకొని వచ్చి రీకాల్ పిటిషను వేశాడు. అది ఒక శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మేజిస్ట్రేటు గారు యాభై రూపాయలు కట్టించి వారంటు రద్దు చేశారు. అతడు నా మేజా దగ్గరకు వచ్చి, "ఇక నేను బండి ఎక్కవచ్చునా?" అని అడిగాడు. "నిశ్చింతగా వెళ్లు మియా" అన్నాను.

నేను చేయవలసిన పని పది నిమిషాలది. ఐదు పంక్తుల మెమో వ్రాసి, సంతకం చేయించి, కోర్టు కానిస్టేబులుకు ఇచ్చి, పుస్తకంలో సంతకం తీసుకోవాలి. అనుమతి తీసుకొని జుమ్మా నమాజుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి జిల్లా కోర్టుకు పంపవలసిన నెలసరి పట్టికల గడువు గుర్తుచేశారు. ఆ పిటిషనును, కాగితాలు ఎగరకుండా పెట్టుకొన్న నాపరాతి ముక్క క్రింద పెట్టి పట్టికలలో పడ్డాను. సాయంత్రం అది కనబడింది. రేపు రెండవ శనివారం, ఎల్లుండి ఆదివారం, సోమవారం ఉదయమే వ్రాద్దాము అనుకున్నాను. రెండు రోజులలో ఏమి మునిగిపోతుంది?

శనివారం రాత్రి అతడు లారీ మీద లోడు కట్టిస్తూ ఉండగా ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. వారంటు చూపించారు. దాని మీద సంతకమున్నది, ముద్ర ఉన్నది, వ్రాత నాదే. "కోర్టులో తీసేశారు" అన్నాడు ఇతడు. "కాగితం చూపించు" అన్నారు వారు. అతని దగ్గర కాగితమేమున్నది? నా మాట ఒక్కటే ఉన్నది. ఆ రాత్రి స్టేషనులో ఉన్నాడు. ఆదివారం పక్క ఊరిలో ఇన్‌చార్జి మేజిస్ట్రేటు గారి ఇంటి దగ్గర హాజరుపరచారు. దస్త్రం ఆయన వద్ద లేదు. వారంటు చూడబోతే సక్రమంగా ఉన్నది. సోమవారం సంబంధిత కోర్టు ఎదుట పెట్టవలసిందని చెప్పి సబ్ జైలుకు పంపారు. లారీ యజమాని లోడును మరొక డ్రైవరుతో పంపించి, ఆ డ్రైవరునే ఉంచుకున్నాడు. ఆ తరువాత నాలుగు నెలలు ఇతనికి బండి దొరకలేదు.

సోమవారం ఉదయం ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ కోర్టు మెట్లెక్కి వస్తున్న అతన్ని నేను నా కుర్చీ నుండి చూశాను. అతడు నావైపు ఏ కోపమూ లేకుండా చూశాడు. తనను విడిపించేవాడిని నేనే అనుకున్నాడు.

మేజిస్ట్రేటు గారు దస్త్రం తెరిచారు. శుక్రవారం నాటి తమ ఉత్తర్వు వారికి గుర్తున్నది. "రీకాల్ ఎందుకు పోలేదు?" అని అడిగారు. నా నోటి నుండి వచ్చిన మాట నాకిప్పటికీ వినబడుతూనే ఉంటుంది. "శుక్రవారం సాయంత్రమే కోర్టు కానిస్టేబులుకు నోటిమాటగా చెప్పాను సార్" అన్నాను. విరామంలో నా గదికి వచ్చి, తపాలా పుస్తకంలో శుక్రవారం పంక్తుల చివర మిగిలిన ఖాళీలో, 'వారంటు రీకాల్ అయినట్లు నోటిమాటగా తెలుపబడినది' అని వ్రాసి, శుక్రవారం తేదీ వేశాను. సిరా రంగు కూడా కలిసింది.

కానిస్టేబులును పిలిపించారు. నాకంటె పెద్దవాడు, ఆయన చేతి మీదుగా పోయిన కాగితాలకు లెక్కలేదు. ఆయన నావైపు ఒక్కసారి చూసి, "చెప్పే ఉంటారు సార్. నాకే గుర్తు లేదు" అన్నాడు. ఆయనకు మెమో ఇచ్చారు. డ్రైవరును వదిలిపెట్టారు. పేటలో అందరూ కానిస్టేబులును తిట్టుకున్నారు. నేను కూడా ఆ మాటలకు తల ఊపినట్లు జ్ఞాపకం.

ఈ నేపథ్యం ఉన్నవాడిని గనుక, కంప్యూటర్లు వచ్చి వారంట్ల పని త్వరపడుతుందని ఎవరైనా అన్నప్పుడు నాకు మొదట తోచేది ఆ తపాలా పుస్తకమే. కంప్యూటరులో శుక్రవారం తేదీ వేసుకోవడం నావల్ల అయ్యేది కాదు. ఏ గంటకు, ఏ నిమిషానికి, ఎవరి గుర్తింపుతో ఆ మాట ఎక్కిందో యంత్రం తానే వ్రాసుకుంటుంది. వేగం కంటె నాకు ఇది పెద్ద గుణంగా కనబడుతుంది. నాకా రోజున వేగానికి లోటు లేదు. స్టేషను కోర్టుకు అర మైలు దూరం.

యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే, సరిపోదు. అమెరికాలో మనకంటె ముందుగానే పోలీసుల వారంట్లు కంప్యూటర్లకు ఎక్కాయి. 1991 జనవరిలో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో ఒకతను పోలీసు స్టేషను ముందరే ఒకవైపు రాకపోకల వీధిలో ఎదురుదారిన కారు నడిపి దొరికిపోయాడు. పోలీసు తన కారులోని కంప్యూటరులో పేరు కొట్టి చూస్తే వారంటు ఉన్నదని వచ్చింది. అరెస్టు చేశారు. ఆ వారంటును కోర్టు అప్పటికి 17 రోజుల ముందే కొట్టివేసింది. షెరీఫు కార్యాలయానికి ఆ కబురు చేరలేదు. కోర్టు గుమాస్తా ఆ కబురు పంపినట్లు దస్త్రంలో ఎక్కడా లేదు. విచారణలో అక్కడి ప్రధాన గుమాస్తా, ఇటువంటి పొరపాటు మూడు నాలుగేళ్లకు ఒకసారి జరుగుతుందని చెప్పింది. తీరా వెదికితే అదే రోజు కాగితాలలో అటువంటివే మరి మూడు బయటపడ్డాయి. వ్యవహారం వారి సుప్రీంకోర్టు దాకా పోయి, 1995లో తీర్పు వచ్చింది. పొరపాటు పోలీసులది కాదు, గుమాస్తాది. గనుక ఆ అరెస్టు వల్ల దొరికిన సాక్ష్యాన్ని త్రోసివేయనక్కరలేదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు అన్నారు. చాలా కాలానికి నేను ఈ సంగతి చదివినప్పుడు, సముద్రాల అవతల ఉన్న ఆ గుమాస్తా మేజా మీద కూడా ఒక నాపరాతి ముక్క ఉన్నట్లు నాకు తోచింది.

అలబామా రాష్ట్రంలో 2004లో జరిగినది ఇంకా విచిత్రం. పొరుగు జిల్లా కంప్యూటరులో వారంటు ఉన్నదని ఫోనులో చెప్పారు. ఇక్కడ మనిషిని పట్టుకున్నారు. అక్కడి ఉద్యోగిని అసలు కాగితాన్ని తీసి పంపుదామని బీరువా వెదికితే కాగితం లేదు. కోర్టును విచారిస్తే, ఐదు నెలల క్రిందటే రద్దయిందని తేలింది. ఈ కబురు పది పదిహేను నిమిషాలలోనే తిరిగి వచ్చింది గాని, అప్పటికే అరెస్టూ సోదా ముగిశాయి. కాగితం నిజం చెప్పింది, కంప్యూటరు అబద్ధం చెప్పింది. మా కోర్టులో జరిగినదానికి ఇది సరిగా తలక్రిందులు. ఈ కేసులో కూడా 2009లో 5-4 మెజారిటీతో పోలీసుల పక్షానే తీర్పు వచ్చింది.

మన దేశంలో 2002 ఆగస్టు 15న, అంటే స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ముంబయిలో ఒక న్యాయవాదిని రద్దయిన వారంటు మీద అరెస్టు చేశారు. మూడు రోజుల ముందే కోర్టు దానిని రద్దు చేసింది.  రద్దయిందని చెప్పినా ఇన్‌స్పెక్టరు వినలేదు. నష్టపరిహారంగా హైకోర్టు ఇప్పించినది 2,000 రూపాయలు. సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని పెంచలేదు గాని, దేశంలోని కోర్టులన్నింటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి వారంటుకూ యంత్రం వేసిన వరుస సంఖ్య ఉండాలి. కోర్టులో ఒక రిజిస్టరు, స్టేషనులో దానికి జతగా మరొకటి ఉండాలి. రద్దయితే ఆ ఉత్తర్వు దస్త్రంలోనూ రిజిస్టరులోనూ ఎక్కాలి, సంబంధిత అధికారికి నకలు పోవాలి, అమలు కాని వారంటును వెంటనే వాపసు తెప్పించాలి. రద్దు ఉత్తర్వు నకలు ఒకటి ముద్దాయికి కూడా ఇవ్వాలి. నేను పదవీ విరమణ చేసిన సంవత్సరమే ఈ తీర్పు వచ్చింది. చివరి నియమం చదివినప్పుడు, 'కాగితం చూపించు' అన్న మాట గుర్తుకు వచ్చి పత్రిక మడిచి పక్కన పెట్టాను.

ఆ తరువాత యంత్రాలు చాలా వచ్చాయి. 2007లో మొదలైన ఈ-కోర్టుల పథకం 2023లో 7,210 కోట్ల రూపాయలతో మూడవ దశలోకి ప్రవేశించింది. పోలీసు స్టేషన్లను కలిపే సి.సి.టి.ఎన్.ఎస్. పథకానికి 2009లో 2,000 కోట్లు మంజూరైనాయి. పోలీసు, కోర్టు, జైలు, ప్రాసిక్యూషను, ఫోరెన్సిక్ ప్రయోగశాల, ఈ ఐదింటి సమాచారం ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఐ.సి.జె.ఎస్. అనే వ్యవస్థ ఏర్పడింది. సమన్లు అందించే అమీనాల చేతికి ఫోను యాప్ వచ్చి, వారు ఏ ఇంటి దాకా పోయారో ఉపగ్రహం సాయంతో నమోదవుతున్నది. క్రొత్త సంహిత 530వ సెక్షను సమన్లనూ వారంట్లనూ ఎలక్ట్రానిక్ పద్ధతిలో జారీ చేయడానికీ, అమలు చేయడానికీ వీలు కల్పించింది.

వీటిలో నా మనస్సుకు దగ్గరైనది వారంటుకు సంబంధించినది కాదు, జామీనుకు సంబంధించినది. 2021 జూలైలో సుప్రీంకోర్టు 13 మందికి జామీను ఇస్తే, ఆగ్రా జైలువారు ఉత్తర్వు తపాలాలో చేరలేదని వారిని రోజుల తరబడి విడువలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువారైన ఎన్.వి. రమణ గారు. ఈ కాలంలో కూడా ఉత్తర్వుల కోసం ఆకాశంలో పావురాలను చూస్తున్నామా అన్న అర్థం వచ్చేటట్లు బాధపడి, తామే ఆ విషయాన్ని విచారణకు చేపట్టారు. దాని ఫలితంగా 2022 మార్చి 31న 'ఫాస్టర్' అనే పద్ధతి ఆరంభమైంది. కోర్టు ఉత్తర్వు భద్రమైన ఎలక్ట్రానిక్ మార్గంలో నేరుగా జైలుకు పోతుంది. బంధించే కాగితాలు ఎన్నడూ ఆలస్యమై ఎవరికీ దుఃఖం కలిగించలేదు. ఆలస్యమై మనుషులను జైలులో ఉంచినవి విడిపించే కాగితాలే. యంత్రాన్ని ముందు వాటి వైపు మళ్లించాలని ఒక ప్రధాన న్యాయమూర్తికి తోచడం చూసి నాకు సంతోషం కలిగింది.

వారంటు జారీని మాత్రం మరీ సులభం చేయకూడదని నా అభిప్రాయం. ఇది ముసలివాని చాదస్తమని విద్యార్థులు నవ్వవచ్చును. ఫారం చేత్తో నింపవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క పేరు దగ్గర చేయి ఆగేది. 'ఈ మనిషికి సమను అసలు అందిందా?' అన్న ప్రశ్న అప్పుడప్పుడు ఆ ఆగినచోటనే పుట్టేది. ఒకటి రెండుసార్లు నేను దస్త్రం తిరిగి తీసుకుపోయి, సమను అందినట్లు సంతకం లేదని చూపిస్తే మేజిస్ట్రేటు గారు వారంటు ఆపిన సందర్భాలున్నాయి. ముందు సమను, తరువాత జామీనుకు వీలైన వారంటు, అప్పటికీ రాకపోతేనే జామీను లేని వారంటు అని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఒక్క మీటతో ఇరవై వారంట్లు బయలుదేరే చోట ఆ ఆగడం ఎక్కడ ఉంటుంది? పోలీసులు విచారణకు రమ్మని ఇచ్చే నోటీసులను వాట్సాప్ ద్వారా పంపితే చాలదని సుప్రీంకోర్టు 2025లో అన్నది కూడా ఇటువంటి శంకతోనే అని నేననుకుంటాను.

మరొక చిక్కు పేర్లది. మన రాయలసీమలో మస్తాన్ వలీలు, మహబూబ్ బాషాలు, ఖాజా హుస్సేన్లు, దస్తగిరులు ఏ పేటలో చూసినా ఉంటారు. దస్తగీర్ అంటే చేయి పట్టి ఆదుకొనేవాడు. పీర్ల మొక్కుబడి వల్ల ఆ పేర్లు హిందువుల ఇళ్లలో కూడా ఉన్నాయి గనుక పేరును బట్టి మతం సైతం నిర్ణయించలేము. ఒకసారి ఒకే వీధిలో ఒకే పేరుగల ముగ్గురు బయలుదేరితే, ఇద్దరి తండ్రుల పేర్లు కూడా ఒకటే అయినవి. ఆనాటి కానిస్టేబులు టీ దుకాణంలో విచారించి, 'కుంటివాడా, సైకిలు షాపు ఆయనా?' అని తేల్చుకొనేవాడు. యంత్రానికి టీ దుకాణం లేదు. పైగా అది పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో దాచుకుంటుంది. మహబూబును నలుగురు గుమాస్తాలు నాలుగు విధాలుగా వ్రాస్తారు; బాషా ఒకచోట పాషా అవుతాడు, మరొకచోట భాషా అవుతాడు. వెదికితే దొరకవలసినవాడు దొరకడు, దొరకకూడనివాడు దొరుకుతాడు. పేరు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో పక్కపక్కన వ్రాసి, ఫొటో, తండ్రి పేరు, ఇంటి గుర్తులు జతచేస్తే ఈ చిక్కు కొంత తీరుతుంది. మన కళాశాలలో కంప్యూటరు చదివే పిల్లలలో రెండు లిపులూ వచ్చినవారున్నారు. ఇంతకంటె తమకు తగిన పని వారికి ఎక్కడ దొరుకుతుంది?

ఈ వ్యాసం వ్రాయడానికి ముందు, నేను పనిచేసిన కోర్టు కాకపోయినా, ఒక మేజిస్ట్రేటు కోర్టుకు పోయి చూచాను. బెంచి క్లర్కు ఒక అమ్మాయి. నన్ను పెద్దవాడినని గౌరవించి కుర్చీ వేసి, కంప్యూటరు తెర చూపించింది. ప్రతి కేసుకూ ఒక పుట, వాయిదాలన్నీ వరుసగా. ముద్దాయి తన ఫోనులోనే తన కేసు ఏ దశలో ఉన్నదో చూసుకోవచ్చును. నా కాలంలో అది తెలుసుకోవడానికి బంట్రోతుకు టీ ఖర్చు పెట్టుకోవలసి వచ్చేది. నేను అడిగాను: "వారంటు రీకాల్ అయితే ఏం చేస్తావమ్మా?"

"ఇందులో ఎక్కిస్తాను సార్. కోర్టు కానిస్టేబులుకు ఫోను చేసి కూడా చెప్తాను."

"ఎప్పుడు?"

"సాయంత్రం సార్. బెంచి దిగిన తర్వాత."

ఆమె తప్పేమీ లేదు. పగలంతా బెంచి మీద ఊపిరి సలపదు. అయినా నాకు చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. మేజిస్ట్రేటు గారు రద్దు అని సంతకం పెట్టిన క్షణంలోనే, మధ్యలో ఏ గుమాస్తా చేయీ పడకుండా, స్టేషను తెర మీద ఆ వారంటు చెరిగిపోవాలి. అది చెరిగినట్లు ముద్దాయి ఫోనుకు కబురు పోవాలి. వారంటు పట్టుకొని బయలుదేరే కానిస్టేబులు, మనిషి మీద చేయి వేసే ముందు, దాని నంబరు కొట్టి అది బ్రతికి ఉన్నదో లేదో చూడాలి. ఎందుకంటే, ఒకసారి అచ్చయి జేబులోకి పోయిన కాగితాన్ని తెర మీద ఎంత చెరిపినా అది జేబులో అట్లాగే ఉంటుంది. అరెస్టు చేసిన తరువాత చూడడం అలబామాలో జరిగింది గదా. ఇదంతా కష్టమైన పని కాదని ఆ విద్య తెలిసిన పిల్లలు అంటారు. వారంటు పోయే దారి వేసినప్పుడే తిరిగి వచ్చే దారి కూడా వేయాలని ఎవరైనా పట్టుబట్టాలి.

ఆ కానిస్టేబులు సంగతి చెప్పలేదు. పదవీ విరమణ అయిన రెండేళ్లకు, పింఛనుదారుల జీవన ధ్రువపత్రం ఇవ్వడానికి పోయినప్పుడు ట్రెజరీ వరండాలో ఆయన కనబడ్డాడు. ఇద్దరమూ చెట్టు క్రింద కూర్చున్నాము. ఇరవై ఏళ్లు మోసిన మాట అప్పుడు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు భాయ్. ఆ శుక్రవారం నేను ఊళ్లోనే లేను. రిమాండు ఖైదీలతో జిల్లా జైలుకు పోయినాను. రాత్రి పది దాటింది వచ్చేసరికి. నువ్వు నాకెట్లా చెప్తావు?"

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే స్టేషను డైరీ తెప్పిస్తారు. నీ ఉద్యోగం పోతుంది. నాకు మెమోలు క్రొత్తనా?" అని నవ్వి, బీడీ ముట్టించుకున్నాడు. ఆయన ఇప్పుడు లేరు.

డ్రైవరు ఉన్నాడు. బండి మానివేసి చాలా కాలమైంది. శుక్రవారం నమాజుకు మసీదులో నాకు రెండు వరుసల ముందర కూర్చుంటాడు. బయటికి వచ్చేటప్పుడు సలాం చెప్పి, నా మోకాళ్ల నొప్పిని గురించి అడుగుతాడు. ఆ రెండు రాత్రులకు కారణం కానిస్టేబులు మరుపు అనే ఇప్పటికీ అతని నమ్మకం. సంచిక అచ్చయిన తరువాత ఒక ప్రతి అతనికి ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. అతడు ఉర్దూ బడిలో ఐదవ తరగతి దాకా చదివినవాడు. ఈ వ్యాసం తెలుగు విభాగంలో వస్తున్నది. తెలుగు లిపి అతనికి రాదు. నేనే ప్రక్కన కూర్చొని చదివి, ప్రతి వాక్యానికీ ఉర్దూలో అర్థం చెప్పాలి.